తోకలో రాడార్: తుపాను లోపలి గాలిని కొలిచే విమానాలు

జలాంతర్గాముల వేట కోసం తయారైన లాక్‌హీడ్ ఓరియన్ విమానాలకు తోక చివర సన్నటి, పొడవాటి కడ్డీ ఒకటి ఉంటుంది. నీటి అడుగున ఉన్న ఇనుమును పసిగట్టే అయస్కాంత పరికరాన్ని అందులో అమర్చుతారు. ఫ్లోరిడాలోని లేక్‌ల్యాండ్ కేంద్రంగా పనిచేసే రెండు ఓరియన్లకు మాత్రం ఆ స్థానంలో మొద్దుబారిన పెద్ద గుల్ల కనిపిస్తుంది. ఆ గుల్ల లోపల ఒక రాడార్ యాంటెన్నా నిమిషానికి సుమారు పదిసార్లు తిరుగుతూ విమానానికి ఎడమన, పైన, కుడిన, కింద ఉన్న ఆకాశాన్నంతటినీ నిలువుగా కోసినట్టు చూస్తూ పోతుంది. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాకు చెందిన ఈ రెండు విమానాలు 1970ల నడుమ తయారయ్యాయి. వాటి సిబ్బంది ముద్దుగా పెట్టుకున్న పేర్లు కెర్మిట్, మిస్ పిగ్గీ. నేను తుపానుల గురించి చదవడం మొదలుపెట్టిన నాటి నుంచి నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న పరికరం ఆ గుల్లలో తిరిగే రాడారే. కృష్ణా జిల్లా తీరంలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక తుపాను నాకు పాఠ్యపుస్తకంలోని విషయం మాత్రమే అయి ఉండే అవకాశం ఎప్పుడూ లేదు. అందుకే ఈ రాడార్ ఎలా పనిచేస్తుందో, అది ఏం తేల్చిందో కొంత వివరంగా రాయాలనిపించింది.

ముందుగా, రాడార్‌ను విమానంలో పెట్టి అంత దూరం తీసుకుపోవలసిన అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. మన తీరంలో మచిలీపట్నంలో, విశాఖపట్నంలో, చెన్నైలో మంచి డాప్లర్ రాడార్లు ఉన్నాయి. వాటి శక్తికి కొదవ లేదు, భూమి గుండ్రంగా ఉండటమే వాటికి అడ్డు. అరడిగ్రీ పైకెత్తి పంపిన రాడార్ పుంజం 200 కిలోమీటర్ల దూరం వెళ్ళేసరికి సముద్ర మట్టానికి సుమారు 4 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. 300 కిలోమీటర్ల దగ్గర దాదాపు 8 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. తుపానులో అతి బలమైన గాలులు ఉండేది అడుగున ఉన్న ఒకటి రెండు కిలోమీటర్లలో. అంటే తీరంలోని రాడార్‌కు తుపాను తల కనబడుతుంది గాని, మనుషుల మీదికి వచ్చే భాగం అది తీరానికి బాగా దగ్గరపడిన తరువాత గాని కనబడదు. ఉపగ్రహాలు సముద్రం మీద ప్రతి తుపానునూ చూడగలవు, నిజమే. మేఘాల ఆకారాన్ని, వాటి పైభాగపు చల్లదనాన్ని బట్టి తుపాను బలాన్ని అంచనా వేసే డ్వోరాక్ పద్ధతిని ప్రపంచమంతటా వాడుతున్నారు. మన వాతావరణ శాఖ కూడా తుపాను సముద్రం మీద ఉన్నంతసేపూ ప్రధానంగా దాని మీదనే ఆధారపడుతుంది. అయితే అది అంచనా. మేఘాల కింద గాలి ఎలా తిరుగుతున్నదో నేరుగా కొలిచిన లెక్క కాదు. 1997లో వెళ్ళిన ట్రిమ్ ఉపగ్రహంలోను, 2014లో వెళ్ళిన జీపీఎం ఉపగ్రహంలోను వాన రాడార్లు ఉన్నా, అవి చూపినవి వాన వివరాలే, గాలి వేగం కాదు. పైగా ఒక తుపాను మీదుగా అవి వెళ్ళడం సమయం కలిసివచ్చినప్పుడే.

తుపానులోకి విమానం తీసుకుపోవడం 1943 జులై 27న మొదలైంది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ దగ్గర తీరానికి వస్తున్న హరికేన్‌లోకి (అమెరికా వైపు సముద్రాల్లో బలమైన తుపానుకు అదే పేరు) కర్నల్ జోసెఫ్ డక్‌వర్త్, నావిగేటర్ రాల్ఫ్ ఓహేర్ ఒక చిన్న శిక్షణ విమానంలో వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చారు. రాడార్ కూడా యుద్ధకాలపు పరికరమే కావడంతో, ఆ రెండూ కలవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. కాని తొలి దశాబ్దాల్లో విమానపు రాడార్ చూపింది వాన ఎక్కడ ఉందన్నదే: తుపాను నడుమ వాన లేకుండా ఉండే కన్ను, దాని చుట్టూ ఉండే వలయం, దానికి దూరంగా చుట్టలు చుట్టుకుని ఉన్న వాన పట్టీలు. గాలి వేగం తెలియాలంటే విమానం తాను ఎగిరే గీత వెంట కొలుచుకోవలసిందే. 200 కిలోమీటర్ల వెడల్పు, 15 కిలోమీటర్ల ఎత్తు ఉన్న ఒక సుడిని ఒకే ఎత్తులో గీసిన నాలుగైదు గీతల ఆధారంగా అర్థం చేసుకోవలసి వచ్చేది. తుపాను కన్ను చుట్టూ గాలి ఎలా పైకి లేస్తుంది, ఎక్కడ కిందికి దిగుతుంది అన్న ప్రశ్నలకు ఆ గీతలు ఇచ్చిన జవాబు చాలా తక్కువ.

ఆ పరిస్థితి 1982లో మారింది. ఆ ఏడాది డెబీ అనే హరికేన్‌లోకి వెళ్ళిన ఓరియన్ తోకలోని రాడార్‌కు డాప్లర్ సామర్థ్యం ఉంది. ఫ్రాంక్ మార్క్స్, రాబర్ట్ హౌజ్ అనే శాస్త్రవేత్తలు ఆ కొలతలను విశ్లేషించి 1984లో ప్రచురించారు. డెబీ తరువాతి ఏడాది, 1983లో, టెక్సాస్ తీరాన్ని దాటిన అలీషియా హరికేన్ కేంద్రభాగాన్ని కూడా వారిద్దరే ఇదే పద్ధతిలో వివరించారు. నేటికీ తుపాను లోపలి నిర్మాణం గురించి ఎవరు రాసినా ఆ రెండు పత్రాల ప్రస్తావన రాక తప్పదు.

డాప్లర్ రాడార్ అంటే గాలిని చూసే పరికరమని చాలామంది అనుకుంటారు. అది చూసేది వానచినుకులను, మంచుపలుకులను. వాటి నుంచి తిరిగి వచ్చిన తరంగంలోని మార్పును బట్టి అవి రాడార్ వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా, ఎంత వేగంతో అన్నది తెలుస్తుంది. పక్కకు పోయే వేగం దానికి అసలు కనబడదు. ఒక చినుకు పుంజానికి సరిగ్గా అడ్డంగా సెకనుకు 60 మీటర్ల వేగంతో కొట్టుకుపోతున్నా, రాడార్ లెక్కలో దాని వేగం సున్నా. గాలిని పూర్తిగా తెలుసుకోవాలంటే ఒకే చోటును రెండు దిక్కుల నుంచి చూడాలి. నేల మీదైతే రెండు రాడార్లను దూరదూరంగా నిలబెడతారు. సముద్రం మధ్యలో ఆ వీలు లేదు. కాని విమానానికి మరే రాడార్‌కూ లేని సౌకర్యం ఒకటి ఉంది: అది కదులుతుంది.

మొదట్లో విమానం ఒక వైపు కొంతదూరం ఎగిరి, సమకోణంలో తిరిగి, మరో వైపు ఎగిరేది. యాంటెన్నా ఎప్పుడూ విమానానికి అడ్డంగానే చూస్తుంది కనుక, ఆ రెండు దారుల మధ్య ఉన్న ప్రదేశం రెండు దిక్కుల నుంచి కనబడేది. అందులో చిక్కేమిటంటే, రెండో దారి పూర్తయ్యేసరికి చాలా నిమిషాలు గడిచిపోతాయి, ఆ లోపల కన్ను గోడలోని, అంటే కన్ను చుట్టూ ఉండే దట్టమైన వలయంలోని, మేఘాలు ఎంతో దూరం తిరిగిపోతాయి. తరువాత వచ్చిన పద్ధతి ఈ చిక్కును చాలావరకు తీర్చింది. యాంటెన్నాను ఒక చుట్టులో సుమారు 20 డిగ్రీలు ముందుకు, మరో చుట్టులో అంతే వెనక్కు వంచుతారు. ముందుకు వంగిన పుంజం చూసిన మేఘాన్నే, విమానం కొంత ముందుకు సాగిన తరువాత వెనక్కు వంగిన పుంజం మరో కోణం నుంచి చూస్తుంది. తిన్నగా ఎగురుతూనే విమానం తనకు ఇరుపక్కలా ఉన్న ప్రదేశాన్నంతా రెండు కోణాల నుంచి కొలుచుకుపోతుందన్నమాట.

ఈ పద్ధతికి కూడా హద్దులున్నాయి, వాటిని లెక్క కట్టి చూస్తే గాని పరికరం పట్ల సరైన గౌరవం కలగదు. విమానం వేగం సెకనుకు సుమారు 120 మీటర్లు. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మేఘాన్ని రెండు పుంజాలూ చూసే సమయాల మధ్య తేడా ఒక నిమిషం. ముప్పై కిలోమీటర్ల దూరంలోని మేఘానికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో ఒక బలమైన మేఘస్తంభం రూపం మార్చుకోగలదు. ఇక యాంటెన్నా ఒక చుట్టు తిరగడానికి ఆరు సెకన్లు, అదే వంపులో మళ్ళీ చూడటానికి పన్నెండు సెకన్లు పడుతుంది కనుక, కొలతల మధ్య దూరం దాదాపు 1.4 కిలోమీటర్లు ఉంటుంది. అంతకంటే చిన్నదేదైనా ఈ వల కన్నుల్లోంచి జారిపోతుంది.

దీనికి తోడు మరో లెక్క ఉంది. తోక రాడార్ తరంగదైర్ఘ్యం సుమారు 3.2 సెంటీమీటర్లు. సెకనుకు 1600 స్పందనలు, అంటే తరంగపు చిన్న తునకలు, పంపితే, అది తికమక పడకుండా కొలవగల గరిష్ఠ వేగం సెకనుకు 12.8 మీటర్లు మాత్రమే. అంతకు మించిన వేగం మళ్ళీ మొదటికి వచ్చి మడత పడి, తప్పు సంఖ్యగా కనబడుతుంది. తుపానులో గాలి సెకనుకు 50, 60, 70 మీటర్లు. స్పందనలను ఇంకా వేగంగా పంపుదామా అంటే, ఒకటి తిరిగి రాకముందే మరొకటి బయలుదేరుతుంది కనుక దూరం విషయంలో తికమక మొదలవుతుంది. 1600 దగ్గరే స్పష్టంగా తెలిసే దూరం 94 కిలోమీటర్లకు పరిమితం. రెండు వేర్వేరు లయల్లో స్పందనలు పంపి, ఆ రెండింటి తేడా నుంచి అసలు వేగాన్ని రాబట్టడం దీనికి కనుగొన్న ఉపాయం. మడతలు విప్పడంతో పని అయిపోదు. విమానం తన సొంత వేగాన్ని, ఊగిసలాటను, ముక్కు ఎటు తిరిగి ఉందో ఆ కోణాన్ని కొలిచి తీసివేయాలి. సముద్రపు అలల నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని ఏరివేయాలి. చినుకులు గాలితో పాటు కొట్టుకుపోతూనే తమ బరువు వల్ల కిందికి కూడా పడుతుంటాయి కనుక, ప్రతిధ్వని బలాన్ని బట్టి ఆ పడే వేగాన్ని అంచనా వేసి దాన్నీ మినహాయించాలి. పెద్ద చినుకు సెకనుకు 9 మీటర్ల దాకా వేగంతో పడుతుంది, మంచుపలుకు ఒకటి రెండు మీటర్ల వేగంతో. చివరిగా, ఒక చోట గాలి పోగవుతున్నదంటే అది పైకో కిందికో పోవలసిందే అన్న ద్రవ్యనిత్యత్వ సూత్రాన్ని వాడి నిలువు గాలిని లెక్కిస్తారు. ఇన్ని మెట్లు దాటిన తరువాత చేతికి వచ్చే మూడు దిశల గాలి పటాన్ని నేను ఎప్పుడూ తేలికగా తీసుకోలేను.

తుపానుకు అడ్డంగా విమానం ఒకసారి వెళ్ళినప్పుడు తోక రాడార్ గీసే నిలువు కోతను ఒకసారి దగ్గరగా చూద్దాం. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం వచ్చిందంటే నోవా పరిశోధన విభాగం బయటపెట్టే ఈ చిత్రాలను వెతికి చూడటం నాకు అలవాటు. అడుగున సముద్రం ఒక ప్రకాశవంతమైన సన్న గీతగా ఉంటుంది. మధ్యలో ఖాళీ: అది కన్ను, అక్కడ వాన లేదు కనుక ప్రతిధ్వని లేదు. ఆ ఖాళీకి రెండు వైపులా కన్ను గోడ నిలబడి ఉంటుంది. నిలబడి అన్నాను గాని, అది పైకి పోయేకొద్దీ బయటికి వాలి ఉంటుంది, ఎత్తయిన మెట్ల మైదానంలో కూర్చున్నవారి వరుసల్లాగా. గోడకు బయట, సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున, ఒక సన్నని పట్టీ మిగతా వానకంటే ప్రకాశంగా అడ్డంగా సాగిపోతుంది. పై నుంచి పడే మంచు కరిగి నీరయ్యే చోటు అదే. కరుగుతున్న మంచుపలుకు చుట్టూ నీటి పొర ఉండటం వల్ల అది రాడార్‌కు పెద్ద చినుకులా కనబడుతుంది. ఆ పట్టీ తెగకుండా సాగిందంటే అక్కడ పడేది నెమ్మదైన, విస్తారమైన వాన అని, అది ఎక్కడైనా చెదిరి నిలువు స్తంభంగా మారిందంటే అక్కడ గాలి బలంగా పైకి లేస్తున్నదని చదువుకోవచ్చు. గాలి వేగాన్ని దీనిపైన వేసి చూస్తే, అడుగుభాగంలో అతి బలమైన గాలి ఉన్న చోటు అతి దట్టమైన వాన ఉన్న చోటికి కాస్త లోపలివైపు, కన్నుకు దగ్గరగా ఉంటుంది.

ఇలాంటి కోతలను వందలకొద్దీ పోగుచేసి చూసినందువల్ల తుపాను గురించిన కొన్ని పాత అభిప్రాయాలు మారాయి. కన్ను గోడ అంతటా గాలి సమానంగా పైకి లేస్తుందనే చక్కని వలయం బొమ్మ ఒకప్పుడు ఉండేది. నిజంగా కొలిస్తే, అడుగున గాలి ఒక దిక్కుకు, పైన మరో దిక్కుకు వీచే పరిస్థితిలో, అంటే విండ్ షియర్ ఉన్నప్పుడు, మేఘాలు గోడలో ఒక వైపునే పుట్టి, చుట్టూ తిరుగుతూ ఎదిగి, మరో వైపుకు వచ్చేసరికి నీరసించిపోతాయి. ఉత్తరార్ధగోళంలో షియర్ చూపే దిక్కుకు ఎడమ పక్కన వాన ఎక్కువగా ఉంటుంది. తూర్పు పసిఫిక్‌లో 1991 నాటి హిమేనా, 1994 నాటి ఒలీవియా హరికేన్ల కొలతలు దీన్ని బాగా చూపించాయి.

నా దృష్టిలో ఈ రాడార్ ఇచ్చిన అతి విలువైన ఫలితం 2013లో రాబర్ట్ రోజర్స్, పాల్ రీజర్, సిల్వీ లోర్సోలో ప్రచురించిన పరిశోధనలో ఉంది. వారు అనేక తుపానుల డాప్లర్ కొలతలను రెండు గుంపులుగా విడదీశారు: బలపడుతున్నవి ఒక వైపు, ఉన్న బలంతో నిలకడగా ఉన్నవి మరో వైపు. రెండు గుంపుల్లోనూ ఎత్తయిన మేఘస్తంభాలు ఉన్నాయి. తేడా అవి ఉన్న చోటులో ఉంది. బలపడుతున్న తుపానుల్లో ఆ స్తంభాలు అతి బలమైన గాలి వలయానికి లోపలివైపు ఉన్నాయి. నిలకడగా ఉన్నవాటిలో బయటివైపు. వలయం లోపల విడుదలైన వేడి సుడిని బిగించడానికి ఎక్కువగా ఉపయోగపడుతుందన్న సిద్ధాంతం అంతకు ముందే ఉంది, దానికి ఇక్కడ కొలతల బలం దొరికింది. ఉపగ్రహ చిత్రంలో ఈ రెండు తుపానులూ ఒకేలా కనబడవచ్చు. ఒకటి రాత్రికి రాత్రి బలపడుతుంది, మరొకటి బలపడదు. తీరంలో ఉన్నవారికి ఆ తేడా ప్రాణంతో సమానం.

2005లో రైనెక్స్ అనే పెద్ద పరిశోధన జరిగింది. రాబర్ట్ హౌజ్, షూయి చెన్ తదితరులు దానికి నాయకత్వం వహించారు. నోవా ఓరియన్లు రెండింటికి తోడు నౌకాదళ పరిశోధనశాలకు చెందిన మరో ఓరియన్ ఎల్డోరా అనే రాడార్‌తో ఎగిరింది. దాని యాంటెన్నా చాలా వేగంగా తిరగడం వల్ల సుమారు 400 మీటర్లకు ఒక కొలత దొరికింది. ఆ ఏడాది అవి కత్రినా, ఒఫీలియా, రీటా హరికేన్లలోకి వెళ్ళాయి. రీటాలో సెప్టెంబరు 22న వారికి దొరికిన దృశ్యం అరుదైనది: పాత కన్ను గోడ చుట్టూ కొత్త గోడ ఒకటి ఏర్పడి, లోపలిదాన్ని మెల్లగా చంపేస్తున్నది. బలమైన తుపానులు ఇలా గోడ మార్చుకోవడం, ఆ సమయంలో కాసేపు బలహీనపడి తరువాత మళ్ళీ పుంజుకోవడం అంతకు ముందే తెలిసినదే. రెండు గోడల మధ్య ఉన్న ఖాళీ ప్రదేశంలో ఏం జరుగుతున్నదన్నది ఎల్డోరా స్పష్టంగా చూపింది. అక్కడ గాలి పొడిగా కిందికి దిగుతున్నది, అచ్చం కన్నులో దిగినట్టే. ఆ ఖాళీ క్రమంగా కొత్త కన్నులో భాగమయ్యే తీరు అర్థమైంది. ఇలాంటి మార్పును ముందుగా చెప్పాలంటే కంప్యూటర్ నమూనాలు ఎంత సూక్ష్మంగా లెక్క వేయాలో కూడా ఆ పరిశోధన సూచించింది.

ఈ కొలతల కోసం మనుషులు తమ ప్రాణాలను పణంగా పెడుతున్నారన్నది మరువకూడదు. 1989 సెప్టెంబరు 15న నోవా ఓరియన్ ఒకటి బార్బడోస్‌కు తూర్పున ఉన్న హ్యూగో హరికేన్‌లోకి కేవలం 450 మీటర్ల ఎత్తులో ప్రవేశించింది. తుపాను అనుకున్నదానికంటే ఎంతో బలంగా ఉంది. కన్ను గోడలో విమానం భయంకరంగా కుదుపులకు లోనై, నాలుగు ఇంజన్లలో ఒకటి మంటలు చిమ్మి ఆగిపోయింది, విమానం సముద్రం వైపు జారింది. ఎలాగో అది కన్నులోకి బయటపడింది. అక్కడ ఆకాశం తేటగా ఉంది గాని, చుట్టూ ఉన్నది మళ్ళీ అదే గోడ. మిగిలిన మూడు ఇంజన్లతో కన్నులోనే గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు చేరుకున్నాక, పై ఎత్తులో వచ్చిన వాయుసేన విమానం ఒకటి గోడలో కాస్త బలహీనంగా ఉన్న చోటును చూసి చెప్పగా, అటు నుంచి బయటకు వచ్చింది. ఎవరి ప్రాణాలూ పోలేదు. ఆ విమానం సేకరించిన కొలతలను ఫ్రాంక్ మార్క్స్, ఆయన సహచరులు 2008లో సమగ్రంగా ప్రచురించారు. కన్ను గోడ లోపలి అంచున సుమారు ఒక కిలోమీటరు వెడల్పున్న చిన్న, అతి తీవ్రమైన సుడి ఒకటి ఉందని, విమానం దాని గుండానే వెళ్ళిందని వారు తేల్చారు. తుపాను లోపల తుపాను వంటి ఆ సుడులు కన్ను గోడను, కన్నును కలిపి గాలిని చిలుకుతాయన్న ఆలోచనకు ఆ విమానయానం ఒక నేరు సాక్ష్యం. ఆ తరువాత బలమైన తుపానుల్లోకి అంత తక్కువ ఎత్తులో వెళ్ళడం మానేశారు. ఇప్పుడు ఓరియన్లు సాధారణంగా రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల ఎత్తులో ఎగురుతూ కన్ను గుండా పలుమార్లు అటూ ఇటూ దాటుతాయి.

తొలి రోజుల్లో టేపుల మీద రికార్డయిన సమాచారాన్ని శుభ్రపరచి గాలి పటం తయారు చేయడానికి నెలలు పట్టేది. అలాంటి ఫలితం పరిశోధకులకు ఎంత విలువైనదైనా, తుపాను తీరం దాటి పోయాక వస్తే హెచ్చరికకు పనికిరాదు. జాన్ గమాష్ అనే శాస్త్రవేత్త ఈ శుభ్రపరిచే పనిని యంత్రానికే నేర్పే ప్రోగ్రామును రూపొందించడంతో, విమానం ఇంకా గాలిలో ఉండగానే గాలి పటాలు తయారై ఉపగ్రహం ద్వారా నేలకు చేరడం సాధ్యమైంది. 2013 నుంచి ఈ డాప్లర్ గాలులను హెచ్‌డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే హరికేన్ నమూనాలోకి రోజువారీ అంచనాల్లో భాగంగా ఎక్కిస్తున్నారు. దాని తరువాతి తరంగా 2023లో వచ్చిన హాఫ్స్ నమూనా కూడా వాటిని తీసుకుంటుంది. తుపాను ఎటు పోతుందో చెప్పడం దశాబ్దాలుగా మెరుగుపడుతూ వచ్చినా, ఎంత బలపడుతుందో చెప్పడం వెనకబడే ఉండేది. లోపలి సుడి మొదట ఎలా ఉందో నమూనాకు తెలియకపోవడం దానికి ఒక ముఖ్య కారణం కనుక, ఈ మార్పును నేను చిన్నదిగా చూడను.

రాడార్‌కు మిగిలిన పెద్ద బలహీనత దాని తరంగదైర్ఘ్యమే. మూడు సెంటీమీటర్ల తరంగం భారీ వానలో త్వరగా నీరసిస్తుంది. దట్టమైన కన్ను గోడ వెనక ఏముందో కొన్నిసార్లు కనబడదు. తీరంలోని రాడార్లు వాడే పది సెంటీమీటర్ల తరంగానికి ఈ బాధ తక్కువ, కాని దానికి కావలసిన యాంటెన్నా విమానం తోకలో పట్టదు. అందుకే అమెరికాలోని జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం సుమారు ఐదు సెంటీమీటర్ల తరంగంతో, తిరిగే యాంటెన్నా లేకుండా, విమానం ఒంటికి అతికించిన పలకలతో పనిచేసే కొత్త రాడార్‌ను తయారు చేస్తున్నది. పుంజాన్ని విద్యుత్తుతోనే తిప్పవచ్చు కనుక అది చాలా వేగంగా చూడగలదు. వయసు మీరిన ఓరియన్ల స్థానంలో సీ-130జే విమానాలను తెచ్చే పనిని నోవా 2024లో మొదలుపెట్టింది.

ఇదంతా చదివేటప్పుడు బంగాళాఖాతం నా మనసులో మెదలకుండా ఉండదు. ఓరియన్లకు మన సముద్రం కొత్త కాదు. 1979 వేసవిలో జరిగిన మోనెక్స్ అనే అంతర్జాతీయ రుతుపవన పరిశోధనలో భాగంగా నోవా ఓరియన్ ఇక్కడికి వచ్చి, జులైలో బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండంలోకి రాడార్‌తో వెళ్ళింది. అందులోని వాన విస్తారమైన పొరలుగా ఎలా పరుచుకుని ఉందో, పై ఎత్తులో మంచుపలుకులు ఎలా ఒకదానికొకటి అతుక్కుని పెరుగుతున్నాయో హౌజ్, చర్చిల్ 1987లో వివరించారు. అప్పటికి తోక రాడార్‌కు డాప్లర్ రాలేదు. దివిసీమ ఉప్పెన అప్పటికి రెండేళ్ళ కిందటి మాట. ఆ తరువాత మనకు తీర రాడార్లు, మంచి ఉపగ్రహాలు, మంచి హెచ్చరిక వ్యవస్థ వచ్చాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మరణాలు వేలల్లోకి పోకుండా అవి ఆపాయి. ఆ ఘనతను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని తుపాను లోపలికి క్రమం తప్పకుండా వెళ్ళే విమానం మాత్రం బంగాళాఖాతానికి నేటికీ లేదు. మన వాతావరణ శాఖ హెచ్‌డబ్ల్యూఆర్‌ఎఫ్ నమూనాను నోవా సహకారంతో ఇక్కడికి తెచ్చి నడిపింది. నమూనా అదే, అందులోకి ఎక్కించవలసిన తోక రాడార్ గాలులు మాత్రం మన దగ్గర లేవు.

మన తుపానులకు అట్లాంటిక్ కొలతలు సరిపోవా అని ఎవరైనా అడగవచ్చు. సూత్రాలు ఎక్కడైనా అవే. కాని బంగాళాఖాతం చిన్నది, మూడు వైపులా నేల ఉన్నది. నదుల మంచినీరు పైన పొరగా పరుచుకుని ఉండటం వల్ల సముద్రం పైభాగం త్వరగా చల్లబడదు. తుపాను పుట్టడానికి, తీరం దాటడానికి మధ్య తరచు మూడు నాలుగు రోజులకు మించి వ్యవధి ఉండదు. ఇలాంటి చోట మేఘస్తంభాలు వలయం లోపల ఎంత త్వరగా పుడతాయి, రెండో కన్ను గోడ ఏర్పడటానికి వ్యవధి దొరుకుతుందా, తూర్పు కనుమలు దగ్గరపడినప్పుడు అడుగు గాలి ఎలా మారుతుంది అన్న ప్రశ్నలకు ఇక్కడే కొలిచి జవాబు చెప్పాలి. దూరం ఇక్కడ అడ్డంకి కాదు: విశాఖపట్నం నుంచి బయలుదేరిన విమానం ఓరియన్ వేగంతో 400 కిలోమీటర్ల దూరంలోని తుపానును గంటలోపు చేరుకుంటుంది, అక్కడ కన్ను గుండా మూడు నాలుగుసార్లు దాటి అదే రోజు తిరిగి రాగలదు. మన ప్రణాళికల్లో విమాన పరిశీలన ప్రస్తావన కొత్తగా వచ్చింది కాదు. అది నిధులుగా, శిక్షణ పొందిన సిబ్బందిగా, తోకలో రాడార్ ఉన్న ఒక విమానంగా మారాలని నేను బలంగా కోరుకుంటున్నాను. అక్టోబరు, నవంబరు నెలల్లో అండమాన్ దగ్గర అల్పపీడనం పుట్టిందన్న వార్త వినగానే మొదటి విమానాన్ని పంపవలసింది అది తీర రాడార్ల పరిధిలోకి రావడానికి రెండు రోజుల ముందే, ఇంకా వాయుగుండంగా ఉన్నప్పుడే. మేఘాలు వలయానికి లోపల ఉన్నాయా, బయట ఉన్నాయా అన్న సమాచారం హెచ్చరిక రాసేవారికి అతి ఎక్కువగా పనికివచ్చేది ఆ దశలోనే.